అత్తను కుట్టిన చీమ

ఆదివారం, ఆళ్లగడ్డ

మొన్న పెరట్లో అత్తను చీమ కుట్టింది. కాసేపట్లోనే పెదాలు వాచి, ఊపిరాడక ఇబ్బంది పడితే నంద్యాల ఆస్పత్రికి తీసుకుపోయాం. నిన్న ఇంటికి పంపేటప్పుడు, కుట్టింది ఏ చీమో చూసి ఫోటో పంపమన్నాడు డాక్టరు.

ఈరోజు నేనూ మా ఆయనా పెరడంతా వెతికాం. నేల మీద పరిచిన బేతంచెర్ల బండల సందుల్లో చిన్న ఎర్రచీమలు, గోడ వారన గండుచీమలు కనిపించాయి. ఫోన్లో చూపిస్తే అత్త, "ఇవి గాదులేమ్మా" అంది. చివరికి వేపచెట్టు బెరడు మీద సన్నగా, పొడుగ్గా ఒకటి దొరికింది. తల నలుపు, నడుము ఎరుపు, వెనక మళ్లీ నలుపు.

"ఇదేమ్మా" అంది అత్త.

ఫోటో చూసి డాక్టరు ఫోన్ చేశాడు. ఇంకోసారి కుడితే ప్రాణం మీదికి రావచ్చు, ఆమెను ఆ చెట్టు దగ్గరికి పోనీయొద్దన్నాడు. మా ఆయన రేపే చెట్టు కొట్టిద్దామన్నాడు. మాది రేకుల ఇల్లు. వేసవి మొదలైతే పగలంతా అత్త ఉండేది ఆ నీడలోనే.

"కొట్టిస్తే చీమలు పోతాయి, సరే. ఈ ఎండలకు నేను యాడ కూసోవాల నాయనా?" అని కొడుకును అడిగింది.