పప్పుచారు గరిటె

2011, మంగళవారం రాత్రి

ఈరోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. తెలంగాణ కోసం రోడ్డు మీదే వండి, అక్కడే వడ్డించాం. పప్పుచారు గరిటె నాకిచ్చారు. ఎండలో నిలబడ్డ పోలీసులకూ పెట్టమన్నారు పెద్దలు.

వరసలో ఆ కానిస్టేబుల్ వచ్చాడు. పోయిన నెల ర్యాలీలో కిందపడ్డ మా తమ్ముడు శ్రీనును చెవి మీద లాఠీతో కొట్టి, నా కళ్లముందే నవ్వినవాడు. శ్రీనుకు ఆ చెవి ఇక వినపడదట.

పప్పుచారు పొగలు కక్కుతోంది. చేయి జారిందంటే ఎవరైనా నమ్ముతారు. గరిటె ప్లేటు దాటి వాడి మణికట్టు మీదికి వెళ్లింది కూడా.

"జర ఎక్కువ పొయ్యమ్మా, పొద్దుగాల్నుంచి ఏం తినలే," అన్నాడు.

అన్నం మీదే పోశాను. జాలిపడ్డానా, చుట్టూ ఉన్న లాఠీలకు భయపడ్డానా? భయమే అయితే, నేను ఆగినట్టా, ఆగనట్టా...

పక్కనే ప్లేట్లు అందిస్తున్న శ్రీను అంతా చూశాడు. ఇంటికొచ్చాక మంచి చెవి నావైపు తిప్పి అడిగాడు: "వాని చేతి మీద పోస్తవనుకున్న అక్కా. ఎందుకు పొయ్యలే?"



రేపు దిల్‌సుఖ్‌నగర్‌లో వంటావార్పు. గరిటె నాకొద్దు, మజ్జిగ పోస్తానని చెప్పాలి.