మంగళారం ముట్టని రేజర్

బాపు,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల్నే గడ్డం గీసుకొని, పాల్మాకుల స్టాప్‌కాడ బస్సెక్కి ఎయిర్‌పోర్టు డ్యూటీకి వచ్చిన.

ఒక్క మంగళారం తప్ప రోజూ నీ ఇత్తడి రేజరే. "నొక్కకు బిడ్డా, దాని బరువుకే తెగుతది" అన్నవ్ గదా, గట్లనే మెల్లగ గీసుకుంట. నిద్ర చాలకున్నా ఆ కాసేపు నన్నెవరూ తొందరపెట్టరు.

మంగళారం గడ్డం గీసుకోవద్దని నువ్వు దాన్ని ముట్టకపోతుంటివి. నేను గూడ ముట్ట. కానీ ఇక్కడ ఏ వారమైనా గడ్డంతోని రానియ్యరు. అందుకే ఆ రోజు ప్లాస్టిక్‌దాంతో గీకి, ఎక్కడో ఒకకాడ కోసుకుంట.

ఇయ్యాల మంగళారమే. "మళ్ల కోసుకున్నవా? జర సూసి గీసుకోరాదు" అన్నడు సూపర్‌వైజర్.

నీ రేజర్‌కు వారానికో సెలవున్నది బాపు. నాకు నీ సంవత్సరీకం నాడు గూడ ఇయ్యలే.