పాలకేంద్రానికి రావాల్సిన డీజిల్

సోమవారం

ప్రియమైన నా తల్లి లోహితకు,

నీ నాయన పట్టలేని సంతోషంతో రాస్తున్నది. డీజిల్ లేక సెల్ టవర్లు కూడా మూగబోయాయి కదా, అందుకే దీన్ని లైన్‌మన్ మునెయ్య చేతికిస్తున్నాను. స్తంభాలు చూసుకుంటూ కొండదారిన నడిచి పోతున్నాడు. నీ ఉత్తరం తెచ్చిందీ ఆయనే.

తుఫాను సాయం కింద వచ్చిన డీజిల్ పంచే పని నీకే ఇచ్చారని, మన పాలకేంద్రానికీ పంపుతున్నావని చదివి, ఆ కాగితం పట్టుకుని ఊరంతా తిరిగాను తల్లీ. గల్ఫ్‌లో యుద్ధమంట, ఓడలు ఆగిపోయాయంట. ఆ ఓడలు అక్కడ నిలబడితే ఇక్కడ బంగారుపాళ్యం బంకుకు తాడు కట్టేశారు. దానికి తోడు తుఫాను, కరెంటు లేదు. పాలకేంద్రంలో పాల ట్యాంకును చల్లబరిచే జనరేటర్‌లో డీజిల్ అడుగంటింది. పాలు ఇళ్ళల్లోనే తోడుపెట్టుకుని వెన్న తీసుకుంటామన్నారు ఆడవాళ్ళు. పాల సంఘం ప్రెసిడెంటుని కదా, నేనే ఆపాను. "మా పాప డీజిల్ పంపిస్తాండాది. ట్యాంకు నిండా పొయ్యండమ్మా" అన్నాను. నాగవేణి నవ్వి, "నీ కూతురు మాటంటే నీకు కొండ మీది ప్రసాదం మామా. సరే, పోస్తాంలే" అంది. తన ఆవుల పాలు ఒక్క చుక్క ఇంట్లో ఉంచుకోలేదు.

వేళకు తిను. మీ అమ్మ నిన్నే తలుచుకుంటోంది.

నిన్ను కన్నానని తలెత్తుకు తిరుగుతున్న
నీ నాయన కుప్పయ్య

మంగళవారం, చిత్తూరు

నాయనా,

డ్రమ్ములు లారీకి ఎక్కించాం. కానీ ఏటి మీద కల్వర్టు కొట్టుకుపోయిందని కబురొచ్చింది. లారీ రావడానికి లేదు. పాలు పోయవద్దని చెప్పు. నా మీద కోపం పెట్టుకోకు.

నీ లోహిత

బుధవారం

నా బంగారు తల్లికి,

నీ మీద కోపమా నాకు? ఏరు తెగితే నువ్వేం చేస్తావు.

నీ కాగితం అందేసరికే ట్యాంకు నిండింది, జనరేటర్ ఆగింది. మూత తీస్తే పులిసిన వాసన. కాలవలోకి వదిలేశాం. తెల్లగా పారుతుంటే సంతోషమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాగవేణి మాత్రం, "ఏం మామా, నీ కూతురికి ఈత రాదా?" అని ఎత్తిపొడిచింది. "ఆఫీసరైతే ఏరు మాట వింటాదా ఏంది?" అని కసురుకున్నాను. కల్వర్టు చూసొద్దామన్నా ఎవరి బండిలోనూ పెట్రోలు లేదు.

అన్నట్టు, శుక్రవారం మంత్రిగారు మన పాలకేంద్రానికే వస్తున్నారంట, వెంట నువ్వూ ఉంటావంట. ఆయన వస్తారని కల్వర్టు బాగుచేస్తున్నారేమో, మంచిదే. మీ అమ్మ అప్పుడే ఓళిగలకు పప్పు ఏరుతోంది. నీకూ ఒక దండ కట్టిస్తాను, కాదనకు.

నీ రాక కోసం నిమిషాలు లెక్కపెడుతున్న
నాయన

గురువారం

నాయనా,

కల్వర్టుకు ఏమీ కాలేదు.

మంత్రిగారి పర్యటన కార్లకు డీజిల్ తీసిపెట్టమని పైనుంచి చెప్పారు. ఏదో ఒక ఊరికి ఆపాలి. ఇంకే ఊరికి ఆపినా రోడ్డు మీద కూర్చుంటారు. నువ్వయితే నా మాట నమ్ముతావు, ఊరికి నచ్చజెబుతావు. అందుకే మన ఊరికి ఆపాను.

కాగితాల్లో మాత్రం మీకు అందినట్టే ఉంది. మంత్రిగారు అందరి ముందూ అడిగితే అందిందని చెప్పు నాయనా. లేదంటే నా ఉద్యోగం ఉండదు.

లోహిత

శనివారం

లోహితకు,

నిన్న మీ కార్లు రాకముందే కల్వర్టు దాకా నడిచిపోయాను. నీ ఉత్తరం చదివాక కూడా, అది విరిగి ఉంటే బాగుండునని ఒక మూల ఆశ. దాని గోడ మీద పోయిన ఎన్నికల రాతలు కూడా చెరగలేదు. కార్లు నన్ను దాటుకుని పోయాయి. నువ్వు అద్దం దించలేదు.

చమురు వాడకం తగ్గించుకోవాలని మంత్రిగారు చాలాసేపు చెప్పారు. చెప్పినంతసేపూ కార్ల ఇంజన్లు ఆడుతూనే ఉన్నాయి, లోపలి చల్లదనం పోతుందని. చివర్లో "డీజిల్ అందిందా పెద్దాయనా?" అని అడిగారు. నువ్వు నేల చూస్తున్నావు. "అందింది సార్" అన్నాను. మీవాళ్ళు చప్పట్లు కొట్టారు. మన ఆడవాళ్ళు కొట్టలేదు.

మీరు పోయాక నాగవేణి వచ్చి, "మా పాలు పోసిన కాలవలోనే ఆ డీజిలూ పోసినావా మామా?" అంది.

"రాలేదమ్మా. అబద్ధం చెప్పినాను. కల్వర్టు తెగిందనేదీ అబద్ధమే" అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మీ అమ్మ ఓళిగల గిన్నె మూత ఇంకా తీయలేదు.

ఉద్యోగం కోసం బొంకావు, అది మింగుతాను. మోసం చేసినా కిక్కురుమనని మనిషి ఎవరా అని వెతికి నన్ను ఎంచుకున్నావు. అదే గొంతు దిగడం లేదు.

పాలకేంద్రం తాళంచెవి నాగవేణికి ఇచ్చేశాను. అందరూ ఆమెనే ప్రెసిడెంటుగా ఉండమన్నారు. ఇకమీద ఈ ఊరికి ఏం రాయాలన్నా ఆమె పేరున రాయి. ఆమెకు చదవడం రాదు, నలుగురిలో చదివించుకుని వింటుంది. అది తెలిసి రాయి.

కుప్పయ్య