అమ్మ సున్నం వేసిన గోడ

పెడన, జూన్ 1959
గురువారం రాత్రి

రోడ్డు వెడల్పు చేస్తే మా ఇల్లు పోతుంది. ఇది పాతకాలపు అద్దకం వాళ్ళ ఇల్లు, ఉంచాల్సిందేనని పాత కట్టడాలు చూసే ఆఫీసరు గారు రాస్తే ఆగుతుందట. ఆయన ఇవాళ బందరు నుంచి వచ్చారు.

తాత కొత్త అచ్చు చెక్కించిన ప్రతిసారీ, గుడ్డ మీదకంటే ముందు పడమటి గోడ మీద వేసి చూసుకునేవాడు. గోడనిండా చిలకలూ తీగలూ. ఆఫీసరు గారు చూడాలన్నది ఆ గోడనే. నేను స్టేషనుకెళ్ళి ఆయన్ని తీసుకొచ్చేలోగా అమ్మ దానికి సున్నం వేసేసింది.

"పెద్దాయన వస్తుంటే ఆ మరకల గోడ చూపిస్తామా నాయనా" అంది.

తడి ఆరని చోట చిలకలు ఇంకా మసగ్గా కనిపిస్తున్నాయి. మేం చూస్తుండగానే ఒక్కొక్కటీ తెల్లబడిపోయాయి. గీకితే రంగు కూడా ఊడొస్తుందన్నారాయన. కోప్పడలేదు.

"ఇంక నేనేం రాయనండీ" అని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

రేపు ఎవరి దగ్గరికి వెళ్ళాలో, వెళ్ళి ఏం చూపించాలో...

ఇందాక పడుకోబోతూ అమ్మ అడిగింది, "ఆయనకి మనిల్లు నచ్చిందా?"

నచ్చిందన్నాను.