ఎర్ర నూలు చుట్టిన తెల్ల గొట్టం

అన్న రాజయ్యకు చెల్లెలు లచ్చవ్వ దండాలు. నీలం నగర్‌లో మేమంతా బాగున్నాం. నీ దగ్గు తగ్గిందా? వదినె మోకాళ్లు ఎట్లున్నాయి? మందు మానొద్దని చెప్పు.

నేను కొడుకు దగ్గరికి వచ్చి ఎనిమిది నెలలు నిండాయి. ఇక్కడి కరకర జొన్నరొట్టె, పల్లీల కారం అలవాటయ్యాయి, ఆ దిగులు పెట్టుకోకు. పగలంతా పక్కింటి మరమగ్గాల చప్పుడే. మాట్లాడే మనిషి లేక, మన మగ్గానికి కండెలు చుడుతూ కూర్చుంటున్నాను.

అట్లా కూర్చునే ఒక తప్పు చేశాను అన్నా. పూనాలో చదివే మనవరాలు సరిత హైదరాబాదు పోతూ రెండు రోజులు ఇక్కడ ఆగింది. అక్కడి సార్లకు చూపించడానికి మూడు తెల్ల గొట్టాలు తెచ్చి గూట్లో పెట్టింది. జానెడు కూడా లేవు. ఒకదాన్ని ఖాళీ కండె అనుకుని, కదురుకు తొడిగి తడి ఎర్ర నూలు నిండా చుట్టేశాను.

"అయ్యో నాయినమ్మా, కాయ్ కేలా, ఏం జేసినవ్! ఆరు నెలల పని గది!"

"కండె లెక్కనే ఉంటే నాకేం ఎరుక బిడ్డా? గదేంది అసలు?"

"జల్లెడ. ఫ్యాక్టరీల గ్యాసులు కలిసి వస్తయి గద. దీనిమీద ఉప్పు లెక్క సన్నటి పలుకులు పెంచినం. వాటి బొక్కలు కంటికి కనవడవు. సన్న గ్యాసు అవుతలికి పోతది, దొడ్డది ఆగుతది."

గ్యాసు అనగానే దాని చెయ్యి పట్టుకుని అడిగాను. "గా పాడు గ్యాసు నువ్వు పీలుస్తలేవు గదా?"

"లే నాయినమ్మా! ముందు నూలు ఇప్పు."

విప్పి నీళ్లతో తుడిచాం. రంగంతా పోయింది. ఒక్కచోట మాత్రం వెంట్రుకంత ఎర్ర గీత, ఎంత రుద్దినా పోలేదు. సరిత దాన్ని ఎండలో తిప్పి తిప్పి చూసి, ఉన్నట్టుండి నవ్వింది.

"పగులు! మంచిగున్నకాడ రంగు లోపలికి పోదు. పగిలినకాడనే దూరుతది. గిట్లనే తీస్కపోతే గ్యాసులన్నీ ఈడికెల్లే పోతుండె, సార్ల ముంగట ఇజ్జత్ పోతుండె. నువ్వే నన్ను బచాయించినవ్."

మిగిలిన రెండింటికీ ఆ నూలు పిండిన రంగునీళ్లే పూసి తుడిచింది. గీతలు పడలేదు. పగిలినదాన్ని ఇక్కడే వదిలి, వాటిని పట్టుకుని నిన్న రైలెక్కింది.

అన్నా, ఆ పగులు ముందే ఉందా, నేను బిర్రుగా చుడితే పడిందా? నన్ను బాధపెట్టొద్దని పిల్ల అట్లా అన్నదేమో. నువ్వు బతుకంతా రంగుల కాగు దగ్గర ఉన్నవాడివి, ఏ మరక ఎప్పటిదో చూసి చెప్పేవాడివి. అందుకే ఈ ఉత్తరం తెచ్చే పక్కింటి మల్లేశం చేతికే ఆ గొట్టం కూడా ఇస్తున్నాను. పగటి వెలుగులో చూడు. నా మనసు కుదుటపడాలని మంచిమాట రాయొద్దు. నా చేతి తప్పయితే తప్పనే రాయి, పిల్ల తిరిగి వచ్చినప్పుడు నేనే ఒప్పుకుంటాను.

వదినెను కొంచెం చింతకాయ తొక్కు పంపమను. పెద్దమ్మ కాళ్లకు నా పేరున మొక్కు. సరిత చల్లగుండాలని మీరిద్దరూ దీవించండి.

గొట్టాన్ని మాత్రం మీ ఇంట్లో కండెల బుట్ట దగ్గర పెట్టనీయకు.

నీ చెల్లెలు
లచ్చవ్వ