ప్లస్ మింగిన ఇంటి నంబరు

1993 ఆగస్టు, శనివారం

ఈ పాస్కల్ అనే కంప్యూటర్ భాష మీద ఒళ్లు మండుతోంది. రెండు మాటల మధ్య ప్లస్ పెడితే రెండూ పక్కపక్కన నిలుస్తాయి. అదే ప్లస్ రెండు సెట్ల మధ్య, అంటే రెండు అంకెల గుంపుల మధ్య పెడితే, రెండింటిలోనూ ఉన్న అంకె ఒక్కసారే మిగులుతుంది. అది తెలియక వరద బియ్యం జాబితాలో రెండు గూడేల ఇంటి నంబర్లను అలాగే కలిపాను. రెండు గూడేల్లోనూ పద్నాలుగో నంబరు ఇల్లుంది; రెండో పద్నాలుగు మాయమైంది.

ఆ ఇంటి ముత్తమ్మ ఇవాళ పర్ణశాల ఊరి పక్క గూడెం నుంచి మా ఆఫీసుకు నడిచి వచ్చింది.

"గోదారి ఇల్లంత ముంచింది. నాకెందుకు బియ్యం లేవంటున్నరు సారూ?"

"కంప్యూటర్ తప్పు చెప్తదా? నువ్వే అబద్ధమాడుతున్నవ్," అని మా ఆఫీసరు కసిరాడు.

వాడి మొహం పగలగొట్టాలనిపించింది. కానీ ఆ ప్రోగ్రాం రాసిన నేను పక్కనే నిలబడి జాబితా కాగితాలు సర్దుతూ ఉండిపోయాను. ఆమె ఖాళీ సంచి మడుచుకుని వెళ్లిపోయింది. సోమవారం జాబితా సరిచేస్తాను. అబద్ధమాడింది ఆమె కాదని ఆఫీసరుతో చెప్పగలనో లేదో...