పోలిక మట్టి డబ్బా

మట్టి, మొక్కల పరిశోధనా కేంద్రం సంచాలకుల వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత బ్యాటరీ షెడ్డు స్థలంలో నడుస్తున్న పసిపిల్లల సంరక్షణ కేంద్రం పెరటి మట్టి ‘సురక్షితం’ అని నేను సంతకం చేసి ఇచ్చిన ధ్రువపత్రాన్ని వెంటనే రద్దు చేయవలసిందిగా, ఆ సంతకం చేసిన నేనే పెట్టుకుంటున్న అర్జీ.

సూచిక: మొన్న బుధవారం తమకు నేను చేసిన మనవి (నోటిమాట), దానికి తమరు సెలవిచ్చిన జవాబు (అదీ నోటిమాటే).

1. నేను తమ కేంద్రంలో పద్నాలుగేళ్ళుగా రసాయన పరిశీలకురాలిగా పని చేస్తున్నాను. మట్టిలోనూ, ఆ మట్టిలో మొలిచేవాటిలోనూ, వాటిని తిని బతికే పురుగుల్లో, పిట్టల్లోనూ సీసం, కాడ్మియం లాంటి బరువు లోహాలు ఎంత చేరాయో కొలవడం నా ఉద్యోగం. అనుమానించడం నా స్వభావం. ఇంటి తలుపు తాళం వేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వెళ్ళే మనిషిని. ఈ సంగతి తమకూ తెలుసు, నవ్వుతారు కూడా.

2. మన పద్ధతి ఇది. ఏ స్థలం మట్టి వచ్చినా దానితో పాటు మన దగ్గరున్న ‘పోలిక మట్టి’ని కూడా యంత్రంలో పెడతాం. పోలిక మట్టి శుభ్రమైనదని ముందే ఒప్పుకున్నాం కాబట్టి, వచ్చిన మట్టిలోని సీసం లెక్కలోంచి దీని లెక్క తీసేస్తాం. ఏమీ మిగలకపోతే ‘అదనపు లోహం లేదు, సురక్షితం’ అని రాసి ముద్ర వేస్తాం.

3. ఒకప్పుడు ఈ పోలిక మట్టి సీలు వేసిన సీసాల్లో బయటి నుంచి వచ్చేది. తొమ్మిదేళ్ళ కింద అయిపోయింది. మళ్ళీ తెప్పించమని దస్త్రం పెడితే, తమకు ముందున్న సంచాలకులు దాని మీద ‘మనకు మట్టికి కరువా?’ అని ఒక్క వాక్యం రాసి వెనక్కి పంపారు. అప్పటి నుంచి ఏటా ఒకసారి మన భవనం వెనక మూల నుంచి ఒక డబ్బాడు మట్టి తవ్వి, జల్లించి, అదే పోలిక మట్టిగా వాడుతున్నాం. ఆ మూలకు బండ్లు రావు, ఎవరూ తిరగరు, పచ్చగా ఉంటుంది. శుభ్రమని అందరం అనుకున్నాం.

4. పరీక్ష అయ్యాక మిగిలిన మట్టి ఎక్కడికి పోతుందో ఈ తొమ్మిదేళ్ళలో నేను అడగలేదు. పోయిన సోమవారం అడిగాను. మా అటెండరు బాబాయి చెయ్యి చాపి అదే మూల చూపించాడు.

“అక్కడేనమ్మా. మొదట్నుంచీ అక్కడే పోస్తున్నా. పారేసే మట్టేగా, మొక్కలకి బలం.”

“ఎవరు పోయమన్నారు బాబాయ్?”

“ఎవరూ వద్దన్లేదుగా.”

కరిగించే కొలిమిల మట్టి, రంగుల ఫ్యాక్టరీ మట్టి, పాత ఇనప సామాన్ల గోడౌన్ మట్టి: ఊళ్ళోని మురికి స్థలాలన్నిటి నుంచీ సంచులతో తెచ్చి, గరిటెడు పరీక్షించి, మిగిలింది ఆ మూల పోశాం. మళ్ళీ ఆ మూలనే తవ్వుకొచ్చి శుభ్రతకు కొలబద్దగా బల్ల మీద పెట్టుకున్నాం. ఏటికేడాది కొలబద్ద మురికిదవుతుంటే లోకం శుభ్రమవుతూ వచ్చింది. రెండేళ్ళుగా ‘సురక్షితం’ల శాతం పెరిగిందని మన వార్షిక నివేదికలో తమరు సంతోషం వెలిబుచ్చారు. ఆ పేరా రాసి ఇచ్చింది నేనే.

5. ఇదంతా బయటపడడానికి కారణం నా తెలివి కాదు. పన్నెండు రోజుల కింద పిల్లల కేంద్రంలోని ఆయమ్మ ఒక బిస్కెట్ల డబ్బా పట్టుకుని నా గదికి వచ్చింది. మూత తీసింది. లోపల మూడు గోరువంకలు, గుడ్డలో చుట్టి ఉన్నాయి.

“పెరట్లో వానపాముల్ని ఏరుకు తింటాయి మేడమ్. మొదట తూలినట్టు నడిచాయి, తర్వాత పడిపోయాయి.”

“ఎండకేమో ఆయమ్మా. ఆ మట్టి నేను చూశాను. బాగుందని రాసిచ్చాను.”

“మీరు రాసిచ్చారు, నిజమే. పటం కట్టించి గోడకి పెట్టాం కూడా. పిట్టలకి చదువు రాదు కదా మేడమ్.”

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే పిట్టల కాలేయాలు పరీక్షకు పెట్టాను. వాటిలో సీసం ఉండదగిన దానికి ఎన్నో రెట్లు ఉంది. మళ్ళీ వెళ్ళి పెరటి మట్టి తెచ్చి పోలిక మట్టితో చూస్తే, మళ్ళీ అదే మాట: తేడా లేదు. మట్టి బాగుండి వానపాము బాగుండకపోవడం ఎలా? అప్పుడు అలమర వెనక పాత సీలు సీసా ఒకటి దొరికింది. అడుగున అంటుకున్న చిటికెడు గీకి యంత్రంలో పెట్టాను. కిలో మట్టికి లెక్కగడితే అందులో సీసం ముప్పై ఒక్క మిల్లీగ్రాములు. మన డబ్బాలో పదకొండు వందల నలభై. పిల్లల పెరట్లో పదకొండు వందలకు పది తక్కువ. మన కొలబద్ద కంటే ఆ పెరడు కొంచెం నయం. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. దేన్నీ నమ్మని నేను, పద్నాలుగేళ్ళలో ఆ ఒక్క డబ్బాను నమ్మాను.

6. బుధవారం తమ గదిలో ఇదంతా విన్నవించాను. తమరు అన్న మాటలు తమకు గుర్తుండకపోవచ్చు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

“చూడమ్మా, బాగుందని సంతకం పెట్టింది మీరే. బాగాలేదంటున్నదీ మీరే. ఇద్దరిలో ఏ మేడమ్‌ని నమ్మమంటారు?”

తర్వాత గొంతు తగ్గించి, “కొత్త మట్టి తెప్పిద్దాం. ఇకనుంచి జాగ్రత్త పడదాం. పాతవి తవ్వితే మూడు వందల పత్రాలూ లేస్తాయి. అందులో మీ సంతకాలే ఎక్కువ” అన్నారు.

సరైన లెక్క మూడు వందల పదహారు పత్రాలు. నా మంచి కోరే అన్నారని అప్పుడు అనిపించింది. ఆ మాట మీద ఇంటికి వెళ్ళాను. యంత్రం తప్పేమో, నేను పొరబడ్డానేమో, ఇంకోసారి చూద్దామా అనుకుంటూ రెండు రోజులు గడిపాను. ఆ రెండు రోజులూ నలభై ఒక్క మంది పిల్లలు ఆ పెరట్లో ఆడుకున్నారు. తమరి మీద ఎంత రోత కలిగినా, అందులో సగం నా వంతని ఒప్పుకోకపోతే ఈ అర్జీ కూడా తప్పుడు పత్రమే అవుతుంది.

7. ఈ పొద్దున సూపరింటెండెంటు గారిని రద్దు ఫారం అడిగాను. ఆయన నిబంధనల పుస్తకం తిప్పి, “పత్రం రద్దు చెయ్యాలంటే పోలిక మట్టితో తేడా చూపించాలి మేడమ్. చూపించండి” అన్నారు. ఆ పోలిక మట్టే చెడిపోయిందయ్యా అన్నాను. “అయితే దానికీ ఒక పరీక్ష చేసి, పోలిక మట్టితో తేడా చూపించండి” అన్నారు. నవ్వుతున్నారేమోనని మొహం చూశాను. నవ్వడం లేదు.

తర్వాత నా ఎదుటే బాబాయిని పిలిచి ఆ డబ్బా ఖాళీ చేయమన్నారు. తమరి ఆదేశమట.

“ఎక్కడ పొయ్యమంటారు సార్?” అన్నాడు బాబాయి.

“ఎప్పుడూ పోసే చోటే.”

డబ్బా బాబాయి చేతిలోంచి నేను లాక్కున్నాను. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆఫీసు వస్తువు అనుమతి లేకుండా బయటికి తీసుకెళ్ళడం ఇదే మొదలు. దీనికి సంజాయిషీ అడిగితే ఈ పేరానే సంజాయిషీగా స్వీకరించగలరు.

8. ఈ అర్జీ పిల్లల కేంద్రం వరండాలో, మూరెడు ఎత్తు కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని రాస్తున్నాను. పెరటి తలుపుకు గడియ పెట్టి మన ప్రయోగశాల తాళం వేశాను. అందుకు నాకు ఏ అధికారమూ లేదు. గోడ మీద పటం కట్టిన నా సంతకాన్ని ఆయమ్మ దించి బోర్లా పెట్టింది.  నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె మనవరాలికి మూడేళ్ళు. మట్టి తింటుందని ముద్దపాప అని పిలుస్తారు. “అన్నం తోసేస్తోంది మేడమ్, పొట్ట నొప్పంటోంది. ఇంతకుముందు వాగుడుకాయ, ఇప్పుడు పిలిస్తే కూడా చూడ్డం లేదు” అంటోంది ఆయమ్మ. ఇది సీసం వల్లేనని నేను చెప్పలేను. కాదని అంతకంటే చెప్పలేను. రక్తం చూస్తే గాని తెలియదు. తెలియదు అని రాయడానికి మన పత్రంలో గడి లేదు. ఉండి ఉంటే ఎన్నిసార్లు అందులో రాసేదాన్నో.

9. కావున తమరు దయయుంచి:

ఆ ధ్రువపత్రాన్ని ఈ రోజే రద్దు చేయగలరు. నలభై ఒక్క మంది పిల్లలకూ, అందులో మొదట ముద్దపాపకూ, రక్తపరీక్ష చేయించమని ఆసుపత్రికి ఉత్తరం రాయగలరు. తమరి సంతకం లేనిదే వాళ్ళు సూది పట్టుకోరు, రెండుసార్లు అడిగి చూశాను. మిగిలిన మూడు వందల పదిహేను పత్రాల స్థలాలూ మళ్ళీ తవ్వించగలరు, ఆ పని జీతం లేకుండా చేయమన్నా చేస్తాను. నా మీద చర్య తీసుకోదలిస్తే తీసుకోండి, కాని ముందు రక్తం, తర్వాత నేను. ఆ వరుస మాత్రం మార్చవద్దు.

ఇందులో రాసినదేదీ దేనితోనూ పోల్చి తీసివేయకుండా, ఉన్నది ఉన్నట్టు చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(తాళం విషయంలో తప్ప),
రసాయన పరిశీలకురాలు

తా.క. ఆ మూలన బాబాయి ఆకుకూర పెంచుతాడని తమకు తెలుసు. ఏపుగా, అరచేతులంత ఆకులు. ఆఫీసులో అందరికీ కట్టలు కట్టి ఇస్తాడు. “తిన్నవాళ్ళెవరూ ఇంతవరకూ వంక పెట్టలేదమ్మా” అంటాడు పాపం, ఇప్పటికీ. సోమవారం నుంచి పళ్ళు ఎన్నిసార్లు తోముకున్నా నాకు ఆ పసరు నాలుక మీదే ఉంది. మంగళవారం తమరి కారులో పెట్టిన కట్ట ఇంకా ఫ్రిజ్‌లో ఉంటే, వండవద్దని ఇంట్లో మేడమ్ గారికి ఫోన్ చేయండి. ఈ అర్జీ పూర్తిగా చదవకపోయినా ఫర్వాలేదు, ఆ ఫోన్ మాత్రం చేయండి.

మరొకటి. ఇప్పుడే ముద్దపాప నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఒళ్ళో డబ్బా చూసి, చాలాసేపటికి, ఏముంది అని అడిగింది. మట్టి అన్నాను. చెయ్యి చాపింది.